పెరట్లో బాప్తిస్మం తొట్టి

మా మనవరాలి మొగుడు పెరట్లో కొలను తవ్వుతున్నాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఇదే గోల. ఫోనులో ఎవరో తవ్వుతుంటే చూశాడట, మనమెందుకు తవ్వకూడదని మొదలెట్టాడు. అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా పరుస్తాడట, దాని మీద గులకరాళ్ళు పోస్తాడట, కలువలు వేస్తాడట, రంగుచేపలు వదుల్తాడట. "మామ్మగారూ, మీరిక్కడ కుర్చీ వేసుకుని కూచుంటే ఎంత హాయిగా ఉంటుందో చూడండి" అంటాడు. మంచి కుర్రాడే. చెమటలు కక్కుతూ తవ్వుతుంటే తిట్టబుద్ధి కాదు. కానీ ఆ తడిమన్ను వాసన ముక్కుకి తగిలిందంటే నేనక్కడ నిలబడలేను. వంటింట్లోకి వెళ్ళి, పని లేకపోయినా గిన్నెలు సర్దుతాను.

నీళ్ళు ఆపడం తేలికనుకుంటారు జనం. గొయ్యి తవ్వితే నీళ్ళు నిలబడతాయనుకుంటారు. చెప్తే వింటారా ఎవరైనా? మా నాన్న విన్నాడా?

అప్పుడు మేము జంషెడ్‌పూర్‌లో, కాసిడీహ్‌లో ఉండేవాళ్ళం. వరసగా కట్టిన ఇళ్ళు. ముందు చిన్న అరుగు, వెనక కాస్త పెరడు, పెరట్లో కుళాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నీళ్ళు వదిలేవారు. ఆ వేళకి లైనంతా బకెట్ల చప్పుడే. మా వాళ్ళందరిదీ శ్రీకాకుళం అవతల సముద్రప్పక్క ఊరు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. నేనూ తమ్ముడూ జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకునేది కూడా హిందీలోనే. మా మామ్మకి, అంటే నాన్న వాళ్ళమ్మకి, అది బొత్తిగా గిట్టేది కాదు. "ఏటే ఆ మాటలు, నోట్లో ముద్దెట్టుకున్నట్టు! ఏడిత్తే ఏడండి గానీ తెలుగులో ఏడండి" అనేది.

నాన్నది కార్ఖానాలో ఇటుకల పని. ఇటుకలంటే ఇళ్ళు కట్టే ఎర్ర ఇటుకలు కాదు. కరిగిన ఇనుము మోసుకెళ్ళే పెద్ద గంగాళాలుంటాయి, లేడిల్ అంటారు. దాని లోపల నిప్పుకి తట్టుకునే తెల్లటి ఇటుకలు వరస మీద వరస పేర్చి, సందుల్లో ఫైర్‌క్లే అనే మన్ను మెత్తాలి. సందులో వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఇనుము కారి కిందనున్నవాళ్ళు మసైపోతారు. ఆ పనిలో నాన్నకి మంచి పేరు. అది ఆయనకి బాగా తెలుసు కూడాను. అన్నం తింటూ పప్పు ముద్దకి గట్టు కట్టేవాడు, అందులో చారు పోసి, "చూశావా, చుక్క కారదు" అనేవాడు నాతో.

మేము క్రైస్తవులం. మా సంఘంలో బాప్తిస్మం అంటే నిండా మునగాల్సిందే. పెద్దయ్యాక, తనకి తానుగా ఒప్పుకుని, నీళ్ళలో దిగి, అయ్యగారు, అంటే పాస్టరు, వెనక్కి వంచితే తల మునిగేదాకా మునిగి లేవాలి. అప్పుడు గానీ రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. జంషెడ్‌పూర్‌లో మాకు సొంత గుడి లేదు, ఒక బడిగదిలో కూడుకునేవాళ్ళం. అయ్యగారు ఖరగ్‌పూర్ నుంచి రైల్లో వానలకి ముందు ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి వచ్చేవారు. ఆయన వచ్చిన రోజు రొట్టె పళ్ళెం అందరి ముందుకీ వచ్చేది, మా మామ్మ దగ్గరికొచ్చేసరికి దాటిపోయేది. ఆవిడ వెనక వరసలో గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళెం వెళ్ళేదాకా కిందికి చూస్తూ కూచునేది. పిల్లలకీ లేదు, మామ్మకీ లేదు. అందుకని ఆవిడ మా జట్టు అనుకునేవాళ్ళం నేనూ తమ్ముడూ.

మామ్మ బాప్తిస్మం ఎందుకు తీసుకోలేదో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు ఎండలు ముదరకముందు మామ్మ కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. గుండె నీరసించిందన్నాడు డాక్టరు, ఉప్పు మానెయ్యమన్నాడు. ఉప్పులేని చోడంబలి, అదే రాగిజావ, తాగుతూ డాక్టరు ఏడుతరాలనీ తిట్టేది మామ్మ. ఒక ఆదివారం సాయంత్రం పెరట్లో అందరం కూచుని ఉన్నాం. మా మాంగో అత్త కూడా వచ్చింది. నాన్నకి అక్క, సువర్ణరేఖ అవతల మాంగోలో ఉండేది, వంతెన దాటి నడిచి వచ్చేది. వచ్చిందంటే నోటికి తాళం ఉండదు. అమ్మ నెత్తళ్ళ ఎండుచేపలు వేయిస్తోంది. పక్కింటి బీహారీ చాచీ ఆ కంపుకి గోడ అవతల నుంచి "హే రామ్, హే రామ్" అంటోంది. అప్పుడు మామ్మ గిన్నె కింద పెట్టి అంది:

"ఒరే, నాను మునుగుతాన్రా."

నాన్నకి అర్థం కాలేదు. "ఏటమ్మా?"

"బాప్తిస్మం తీసుకుంతాను. ఈపాలి అయ్యగారొచ్చినప్పుడు."

అమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. మా అత్త నోరు కూడా ఆగిపోయింది, అది అరుదు. అప్పుడు తెలిసింది నాకు సంగతి. మా నాన్నకి ఒక అన్న ఉండేవాడట. అప్పటి నా ఈడు పిల్లాడట. ఊళ్ళో ఉప్పుటేరు దాటుతూ పోటు నీళ్ళలో పోయాడు. మా ఊరి సంఘం వాళ్ళు బాప్తిస్మాలు ఇచ్చేది కూడా ఆ ఏట్లోనే. "నా కొడుకుని మింగిన నీళ్ళలో నన్ను ముంచుతారా? పోండి" అని మామ్మ ఆనాడు వెనక్కి తిరిగి వచ్చేసింది. తాత బతిమాలాడు, అయ్యగార్లు బతిమాలారు. వినలేదు. అప్పట్నుంచి ఆవిడ ఏ నీళ్ళలోనూ దిగలేదు. స్నానానికి కూడా చెంబుతో పోసుకునేదే, అదీ కళ్ళు తెరుచుకుని.

"మరిప్పుడెందుకే?" అంది అత్త మెల్లిగా.

"ఆడు నాకోసం సూత్తంటాడే. పిల్లలు ఎలాగూ పెబువు కాడే ఉంతారంట. మరి నన్ను రానిత్తారా? ఇన్నాళ్ళూ మొండికేసినాను. ఈ కాళ్ళు సూత్తే ఎన్నాళ్ళో ఉండను. ఆడు వాకిట్లో నిలబడి సూత్తంటే, మీ యమ్మ రాదురా అంటే, ఆడేటైపోతాడు?"

నెత్తళ్ళు మాడిన వాసన వచ్చి అమ్మ ఉలిక్కిపడి బాణలి దించింది.

"అయితే ఒక మాట," అంది మామ్మ. "ఏట్లో మునగను. ఈ ఊరి ఏరైనా, ఆ ఊరి ఏరైనా ఏరే. అడుగు అగుపించాల నాకు. నువ్వు కట్టు. నీ సేతుల్తో కట్టిన నీళ్ళయితే దిగుతాను. ఇంకే నీళ్ళూ నాకొద్దు."

మా నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తల్లి ఎప్పటికైనా బాప్తిస్మం తీసుకోవాలని ఆయన ప్రార్థన చెయ్యని రోజు లేదు. వెంటనే లేచి లుంగీ ఎగ్గట్టి పెరడంతా కాళ్ళతో కొలవడం మొదలెట్టాడు.

మా అత్తకి అప్పటికి నోరు తిరిగొచ్చింది. "ఒరే తమ్ముడా, డ్రమ్ము తెచ్చి దాన్లో ముంచీరా, సులువు."

"నన్నేటి ఊరగాయ పెడతారేటే?" అంది మామ్మ.

"పోనీ చిలకరించే అయ్యగార్లున్నారు కదేటి ఈ ఊళ్ళో. నెత్తిన నాలుగు సుక్కలు సల్లి పంపేత్తారు."

"సల్లడానికి నానేటి వాకిలినా? కళ్ళాపి సల్లుతారా నామీద? మునిగితే నిండా మునగాల."

అలా మొదలైంది. సిమెంటుతో కడితే పోయేది. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద తప్ప దొరికేది కాదు. నాన్న అడిగాడు, ఇవ్వాళ రమ్మన్నారు, రేపు రమ్మన్నారు. చివరికి "సిమెంటెందుకు? కరిగిన ఇనుము ఆపేవాణ్ణి, నీళ్ళు ఆపలేనా?" అన్నాడు. ఆ ఒక్కమాటా అనకుండా ఉండాల్సింది. అత్త పట్టుకుంది. "ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగురుతానందట. నువ్వు సొర్గానికెగిరేవోడివే, ఉట్టి సంగతి సూడు ముందు" అంది. నాన్న వినిపించుకోలేదు. మగాడికి తన పని మీద నమ్మకం మరీ ఎక్కువైతే ఇంతే, పక్కవాళ్ళ మాట చెవికెక్కదు.

షిఫ్టు దిగి రాగానే తవ్వేవాడు. పైన ఎర్రమన్ను, కింద గులకమన్ను. గులకలో నీళ్ళు నిలవవు, అది చూసినప్పుడైనా ఆగాల్సింది. విరిగిన తెల్ల ఇటుకలు కార్ఖానా బయట గుట్టలుగా పారబోసేవారు, ఊళ్ళో సగం పొయ్యిలు వాటితో కట్టినవే. సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాడు. ఫైర్‌క్లే మన్ను తెలిసిన కాంట్రాక్టరునడిగి తెచ్చాడు. తొట్టికి మూడు మెట్లు పెట్టాడు, మామ్మ పట్టుకోడానికి ఇనప కడ్డీ పాతాడు. ఇటుక పక్కన ఇటుక పేర్చి, చిన్న సుత్తితో టకటకా తట్టి, చెవి దగ్గర పెట్టి విని, బాగోకపోతే తీసి మళ్ళీ పెట్టేవాడు. మామ్మ మంచం పెరట్లోకి వేయించుకుని చూస్తూ ఉండేది. "అడుగు సదునుగా ఉందేటిరా?" అని అడిగేది మాటిమాటికీ. తొట్టి అందంగా వచ్చింది. నిజం చెప్పాలి కదా, అంత చక్కని తొట్టి నేను మళ్ళీ చూడలేదు. తెల్లగా, నున్నగా, పెళ్ళికి సున్నం కొట్టిన గదిలా ఉండేది.

చాచీ గోడమీంచి తొంగిచూసి, "అరే భయ్యా, తాలాబ్ బనా రహే హో? ఛఠ్ కే దిన్ హమ్ భీ యహీఁ ఖడే హో జాయేంగే" అంది, చెరువు కడుతున్నావా, ఛఠ్‌కి మేమూ ఇక్కడే నిలబడతాం అని. ఛఠ్ పండక్కి వాళ్ళు నీళ్ళలో నిలబడి సూర్యుడికి మొక్కుతారు, దానికోసం నదిదాకా నడవక్కర్లేదని ఆవిడ సంబరం. మా అమ్మ వచ్చీరాని హిందీలో మామ్మ మునకల సంగతి చెప్పింది. చాచీకి మాకంటే బాగా అర్థమైంది. ముసలావిడ నీళ్ళలో మునగాలంటే అందులో వింతేముంది అన్నట్టు తలూపింది.

మొదటి సాయంత్రం కుళాయి వదలగానే నింపాం. నేనూ తమ్ముడూ గంతులేశాం. పొద్దున లేచి చూస్తే అడుగున తడి తప్ప ఏమీ లేదు. నాన్న నవ్వాడు. "ఇటుకకి దాహం. తాగనీ, తీరాక ఆగుతుంది" అన్నాడు. మళ్ళీ నింపాం. మళ్ళీ తాగింది. రోజూ అదే తంతు. మా బకెట్లే కాక చాచీ బకెట్లు కూడా పోశాం. సందుల్లో మెత్తిన మన్ను కరిగి నీళ్ళు పాలలా తెల్లబడేవి, ఇంకిపోయేవి.

అప్పుడు చెప్పాడు నాన్న, ఆ మన్ను నిప్పు తగిలితే గానీ రాయి అవదట. లేడిల్ కట్టాక లోపల మంట పెట్టి కాలుస్తారట. "ఆ సంగతి మర్చిపోయాను" అన్నాడు. మర్చిపోలేదు, పెరట్లో మంట పెట్టడానికి మొహమాటపడ్డాడు. ఇక మొహమాటం మానేసి బొగ్గు, పిడకలు, విరిగిన మంచం కోళ్ళు అన్నీ తొట్టిలో పడేసి అంటించాడు. లైనంతా పొగ. అందరూ పరిగెత్తుకొచ్చారు. బాప్తిస్మం తొట్టిలో మంటేమిటని సంఘం పెద్ద ఒకాయన నోరు వెళ్ళబెట్టాడు. అత్త, "మావోడు మాయమ్మని నరకం సూపించి సొర్గానికి పంపుతాడట" అంది. మంట చల్లారాక ఆ నిప్పుల్లో నేనూ తమ్ముడూ చిలగడదుంపలు కాల్చాం. వేలు కాలినా ఊదుకుంటూ తిన్నాం. ఎంత తీపో! చాచీ సత్తు లిట్టీలు, అంటే వేయించిన శనగపిండి కూరిన గోధుమ ఉండలు, కూడా అందులోనే కాల్చి మామ్మకి ఒకటి ఇచ్చింది. ఉప్పు వేసిందని డాక్టరుకి చెప్పొద్దని మామ్మ మాచేత ఒట్టేయించుకుంది.

కార్ఖానా మంట వేరు, పెరటి మంట వేరు. మన్ను పైపైన ఎర్రబడింది, అంతే. నీళ్ళు పోస్తే బుస్సుమని తాగేసింది, మునుపటికంటే ఎక్కువ తాగింది.

ఈలోగా మామ్మకి వాపు మోకాళ్ళు దాటింది. మా ఇంట్లో నీరు ఎక్కడైనా నిలిచిందంటే అది మామ్మ కాళ్ళలోనే. అయ్యగారు వచ్చే ఆదివారం దగ్గర పడుతోంది. నాన్న మనిషి మారిపోయాడు. అన్నం తింటూ ఆగిపోయేవాడు. గట్టు కట్టేవాడు కాదు. ఒకసారి తొట్టిలో దిగి, చెవి ఇటుకకి ఆనించి, నీళ్ళు ఎటు పోతున్నాయో వింటున్నాడు. అమ్మ నన్ను లోపలికి లాక్కుపోయింది, చూడొద్దని.

అవిగో ఆ రోజుల్లోనే మేమొక వెధవపని చేశాం. సాయంత్రం తొట్టిలో కాసిని నీళ్ళుండగా చాచీ వాళ్ళ ఎదురింటి కోడిపెట్టని పట్టుకొచ్చి బాప్తిస్మం ఇచ్చాం. నేను అయ్యగారిని, తమ్ముడు సంఘం. కోడి కొక్కొక్కోమని గోల పెట్టి, ఈకలు విదిల్చుకుంటూ మామ్మ మంచం కిందికి దూరింది. మామ్మ తంతుందేమో అనుకున్నాం. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "దానికి రాసిపెట్టుంది. సూడండర్రా, నాకంటే ముందు దానికైపోనాది" అంది.

చివరికి ఏరు మన్నే దిక్కయింది. సువర్ణరేఖ ఒడ్డున బంకమన్ను గోనెల్లో తెచ్చి, పేడ కలిపి, అమ్మా అత్తా కాళ్ళతో తొక్కి తొక్కి ముద్ద చేశారు. అత్త తిడుతూనే తొక్కింది. నాన్న ఆ నున్నని తెల్ల ఇటుకల మీద ఆ బురద మెత్తుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. ఇంత పనిమంతుడూ చివరికి పేడ అలుకుతున్నాడు. కానీ నీళ్ళు నిలిచాయి! పూర్తిగా కాదు, పొయ్యి మీద అన్నం ఉడికేటంతసేపు నిలిచేవి. "చాలు. అంతసేపు చాలు" అన్నాడు నాన్న.

ఆదివారం వచ్చింది. ఇంట్లో కోడికూర వాసన, పెరట్లో తెల్లచీరల ఆడవాళ్ళు. మామ్మకి కొత్త ముతక తెల్లచీర కట్టారు. కుళాయి వదలగానే లైనంతా బకెట్లు అందించుకున్నారు, చాచీ అందరికంటే ముందుంది. తొట్టి నిండింది. అడుగు కనపడటం లేదు, నీళ్ళు ఎర్రబారి ఉన్నాయి. మామ్మ ఒక్క క్షణం జంకింది. "దిగమ్మా, నేనే కట్టాను కదా, లోతు లేదు" అన్నాడు నాన్న. అత్తా నాన్నా చెరో రెక్కా పట్టుకుని మెట్లు దింపారు. మామ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ, నడుం దాకా నీళ్ళలో నిలబడింది. నీళ్ళలో నిలబడిన మా మామ్మని అదే మొదటిసారి చూడటం. నాకు భయమేసింది, గర్వంగానూ ఉంది.

అయ్యగారు మంచి మనిషి, భారీ మనిషి. గట్టున నిలబడి ప్రార్థన మొదలెట్టారు. మామ్మ కోసం చేశారు, తాత కోసం చేశారు, సంఘం కోసం, కార్ఖానాలో ప్రమాదాలు జరక్కుండా, దేశాన్ని ఏలేవాళ్ళ కోసం, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళ కోసం. నేను కళ్ళు తెరిచి చూశాను. నాన్న కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు. నీళ్ళు గోడమీద తడిగీత వదిలి ఒక వరస దిగాయి. మామ్మకి కూడా తెలిసిపోయింది కాబోలు, కళ్ళు మూసుకునే అంది:

"అయ్యా, పార్దన తరవాత సేద్దురు గానీ. బేగి దిగండి, నీళ్ళెలిపోతన్నాయి."

అయ్యగారు గబగబా ఆమెన్ అని దిగారు. ఆయన బరువుకి కాలు బంకమన్నులో దిగబడింది. తీసి ఇంకో అడుగు వేశారు, అదీ దిగబడింది. అడుగున మెత్తిన పొర పెచ్చుగా లేచిపోయింది. నీళ్ళలో గుడగుడమని బుడగలు వచ్చాయి. అంతే. మేమంతా చూస్తుండగానే మోకాళ్ళకి దిగాయి. "పొయ్యండి, పొయ్యండి" అని అరిచాడు నాన్న. చాచీ పోసింది, అమ్మ పోసింది, తాగేనీళ్ళ కుండలు కూడా తెచ్చి పోశారు. కుళాయి అప్పటికే ఆగిపోయింది. నాన్న తొట్టిలో మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో బురద ఎత్తి సందుల్లో కూరుతున్నాడు. ఒకచోట కూరితే ఇంకోచోట బుడగలు. మామ్మ ఏమనుకుందో, ఎవరూ చెప్పకుండానే అడుగున వెల్లకిలా పడుకుంది. నీళ్ళు చెవుల దాకా వచ్చాయి. మొహం పైనే ఉంది.

"సరిపోతాదా అయ్యా?" అంది.

అయ్యగారు నీళ్ళు నమిలారు. ఆయన కళ్ళు కూడా తడే. "నిండా మునగాలమ్మా. నేను పెట్టిన నియమం కాదు తల్లీ. వానలయ్యాక వస్తాను. ఈలోగా సిమెంటు దొరుకుతుంది" అన్నారు.

మామ్మని లేపి కూచోబెట్టారు. చీరంతా బురద. ఆవిడ తొట్టంతా ఒకసారి చూసి, "అక్కర్నేనప్పుడు ఏరు నిండా నీళ్ళుండీవి. కావాలంటే సెంబుడు నేవు" అంది. ఆ రోజు మధ్యాహ్నం కోడికూర అందరం తిన్నాం, పారెయ్యలేక.

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. ఆగకుండా పడ్డాయి. నేల నిండా తాగి, ఇక తాగలేనంది. ఒకరోజు పొద్దున పెరటి తలుపు తీస్తే తొట్టి అంచుదాకా నిండి ఉంది. సాయంత్రానికీ అలాగే ఉంది. మర్నాడూ అలాగే ఉంది. ఇంకడానికి చుట్టూ మన్నులో చోటు లేదు మరి. కప్పలు చేరాయి. పర్మిట్ సిమెంటు బస్తా కూడా అప్పుడే వచ్చింది! నిండిన తొట్టికి ఎక్కడ పూస్తారు? వరండాలో చెమ్మకి బస్తాలోనే గడ్డకట్టింది.

మామ్మ అప్పటికి మంచం మీంచి లేవలేకపోతోంది. మంచం పెరటి గుమ్మం దగ్గర వేశాం, తొట్టి కనపడేలాగ. అయ్యగారికి తంతి ఇచ్చాడు నాన్న. వానలకి దారిలో రైలుకట్ట తెగింది, బాగుకాగానే బయల్దేరతానని జవాబు వచ్చింది. మామ్మ ఆ జవాబు విని నీళ్ళకేసి చూసింది.

"ఒరే, నిలిసినాయి కదరా నీళ్ళు. నువ్వే ముంచీ."

"నాను అయ్యగార్ని కాదమ్మా."

"నీ సేతుల్తో కట్టినావు. నీ సేతుల్తో ముంచలేవేటి?"

నాన్న మామ్మని రెండు చేతులమీదా ఎత్తుకుని తొట్టి మెట్టు మీద కూచోబెట్టాడు, తను వెనక కూచుని ఒళ్ళో ఆనించుకున్నాడు. మామ్మ వాచిన పాదాలు నీళ్ళలో ఉన్నాయి. "సల్లగా ఉంది" అంది. వాన సన్నగా పడుతోంది. చాచీ గోడమీంచి చూసి, "డుబ్కీ లగవా దో భయ్యా, కా హోయీ?" అంది. ముంచెయ్, ఏమవుతుంది అని. అమ్మ కూడా, "ముంచెయ్యండి, దేవుడికి తెలీదా" అంది.

నాన్న ముంచలేదు. తర్వాత అమ్మతో అంటుంటే విన్నాను. "నేను ముంచితే అది పిల్లలాట అయిపోద్దే. చెల్లదు. చెల్లిందనుకుని అమ్మ అక్కడికెళ్ళి, వాకిట్లో ఆపేస్తే? అన్నని చూస్తూ బయట నిలబడిపోతే? ఆ మోసం నేనెలా చెయ్యను?" అన్నాడు. నాకప్పుడు ఆయన మీద పిచ్చికోపం వచ్చింది. ఇప్పుడు కోపం లేదు, కానీ ఏం చేసి ఉండాల్సిందో ఇప్పటికీ తెలీదు. నమ్మినవాడి కష్టం అది. నమ్మనివాడైతే చటుక్కున ముంచి లేపేవాడు, తల్లి సంతోషించేది. వాన పెద్దదైంది. మామ్మని ఎత్తి మళ్ళీ మంచం మీద పడుకోబెట్టాడు, పాదాలు తుడిచాడు.

ఆ వారంలోనే పోయింది. పొద్దున అంబలి రెండు గుక్కలు తాగి, ఇంక చాలని గిన్నె పక్కకి నెట్టింది, అంతే. ఉప్పు వేసి ఇచ్చి ఉండాల్సిందని అమ్మ ఇప్పటికీ, అంటే తను పోయేదాకా, అంటూనే ఉండేది. అయ్యగారు రైలుకట్ట బాగయ్యాక వచ్చారు, సమాధి దగ్గర చిన్న ప్రార్థన చేశారు.

సమాధి చేసేముందు స్నానం చేయించాలి కదా. ఆడవాళ్ళు పెరట్లో బల్ల వేసి, చుట్టూ చీరలు తెరగా పట్టుకున్నారు. ఒక చెంగు నాకిచ్చి నిలబెట్టారు. అత్తా అమ్మా లోపల. మగవాళ్ళు అరుగు మీద ఉన్నారు, నాన్న ఒక్కడే తెర బయట నిలబడి నీళ్ళు అందిస్తున్నాడు. కుళాయి దగ్గర నింపిపెట్టిన బకెట్లు ముట్టుకోలేదు. తొట్టిలోంచి ముంచి తెచ్చి, చీర కిందనుంచి లోపలికి తోసేవాడు. అత్త పోసి ఖాళీ బకెట్టు బయటికి తోసేది. అది నిండి మళ్ళీ వచ్చేది. స్నానం అయిపోయింది, ఒళ్ళు తుడవడానికి తువ్వాలు కూడా తీశారు, బకెట్టు మళ్ళీ వచ్చింది.

"సాల్రా తమ్ముడా, ఇంకేటి కడుగుతాం" అంది అత్త.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోసింది అత్త. నీళ్ళు బల్ల మీంచి కారి మా కాళ్ళ కిందినుంచి పోతున్నాయి. ఇంకోటి వచ్చింది. ఈసారి బకెట్టు మీద చెయ్యి తియ్యలేదు నాన్న. చీర కింద ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి, గోళ్ళలో ఇంకా ఆ తెల్లమన్ను.

"అప్పా," అని అక్కని పిలిచాడు. "తల మునిగిందా?"

మామ్మ తల అమ్మ చేతిలో ఉంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది, ఒక చెవిలో నీళ్ళు నిలిచాయి. అత్త ఆ మొహం చూసింది, తెర చూసింది, నన్ను చూసింది.

"మునిగిందిరా," అంది. "నిండా మునిగింది."

నాన్న వేళ్ళు బకెట్టుని వదిలాయి. నోటి దురుసు మనిషే గానీ, మా అత్త అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే.